పేరు విడుచుట, పేరు తుడుచుట

తెలుగునాట బొంత కుట్టని ఇల్లు ఒకప్పుడు అరుదు. చీరలు చినుగును, పంచెలు చివుకును. అయినను వాటిని పారవేయుటకు ఇల్లాలికి మనసొప్పదు. వాటిని ఉతికి ఆరవేసి, గట్టిగా నున్న భాగములను కత్తిరించి, పొరలు పొరలుగా నేలపై పరచి, లావుపాటి సూదితో గాని దబ్బనముతో గాని వరుస తప్పకుండ కుట్టుకొనుచు పోవును. చలికాలమున ఆ బొంతపై పరుండిన పిల్లలు ఇది అమ్మమ్మ చీర అంచు, ఇది తాతయ్య పంచె ముక్క అని వ్రేలితో తడిమి గుర్తుపట్టుదురు. ఆ బొంతపై ఎవరి సంతకమును ఉండదు. ఉండవలెనని ఎవరికిని తోచదు. కుట్టినది ఎవరో ఇంటిలోని వారందరికిని తెలియును గనుక అచ్చట సంతకముతో పని లేదు.

అదే బొంత ఇల్లు దాటి ఒక ప్రదర్శనశాల గోడకెక్కినప్పుడు సంగతి మారును. చూడవచ్చినవారికి అమ్మమ్మ తెలియదు, తాతయ్య తెలియడు. గోడప్రక్కన అంటించిన చిన్న అట్టముక్కపై ఏమి వ్రాసియున్నదో అంతమాత్రమే వారికి తెలియును. ఆ అట్టముక్కపై ఏమి వ్రాయవలెను? వ్రాయు అధికారము ఎవరిది? వ్రాసినంతమాత్రమున బాధ్యత తీరునా? చూచుటకు చిన్న ప్రశ్నలే గాని వీటిలో శ్రమను గూర్చియు, వినయమును గూర్చియు ఆలోచింపవలసిన ధర్మసూక్ష్మము ఇమిడియున్నది.

ఇటీవలి దశాబ్దములలో చిత్రకారులు, శిల్పులు, నేతపనివారు తమ పనిశాలల తలుపులు కొన్ని దినములపాటు తెరచి ప్రజలను ఆహ్వానించు పద్ధతి అనేక దేశములలో వ్యాపించినది. దీనిని ఓపెన్ స్టూడియో అని వ్యవహరించుచున్నారు. ఇది మంచి పద్ధతి. పెద్ద మ్యూజియములో వస్తువు అద్దము వెనుక నుండును. దానిని చేసినవారు కనబడరు. పనిశాలలోనో, సగము కుట్టిన గుడ్డ, నేలపై రాలిన దారపు తునకలు, రంగు మరకలు, పనివాని చేతులు అన్నియు కంటికి కనబడును. సందేహము కలిగినచో అక్కడికక్కడే అడుగవచ్చును. శ్రమను దాచకుండ చూపు ప్రదర్శన గనుక దీనికొక గౌరవము కలదు.

ఇట్టి పనిశాల నొకదానిని ఊహింపుడు. ఒక చిత్రకారిణి కొన్ని నెలలు ఒక పల్లెలో నుండి, అచ్చటి స్త్రీల పాతబట్టలను సేకరించి, వారి కథలు విని, వారి కుట్టు నేర్చుకొని, వారిచేత కొంత కుట్టించి, తాను కొంత కుట్టి, పది గజముల వస్త్రమొకటి సిద్ధము చేసినది. తలుపులు తెరచినది. వచ్చినవారు ముగ్ధులై చూచుచున్నారు. వారిలో ఒక బాలిక ముందుకు వచ్చి, “ఇది ఎవరు చేసినారండీ?” అని అడిగినది. చిత్రకారిణి చెప్పవలసిన సమాధానమేది? తానే చేసితినని చెప్పినచో అది పూర్తి నిజము కాదు. ఊరు చేసినదని చెప్పినచో వినుటకు అందముగా నుండును గాని, ఊరు అనునది సూది పట్టదు. పట్టినవి కొన్ని చేతులు, ఆ చేతులకు పేర్లున్నవి.

ఈ ప్రశ్న ఊహలో మాత్రమే పుట్టినది కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, అలబామా నది పెద్ద వంపు తిరిగి ఒక భూభాగమును మూడువైపుల చుట్టుకొన్నచోట ఒక పల్లె కలదు. దానిని జీస్ బెండ్ అందురు; ప్రభుత్వపు దస్తరములలో దాని పేరు బోయ్కిన్. 1816లో జోసెఫ్ గీ అను భూస్వామి అచ్చట ప్రత్తి సాగు ప్రారంభించెను. 1845లో ఆ భూమి, అందు పనిచేయు బానిసలతో సహా, మార్క్ పెట్‌వే అనువాని వశమయ్యెను. బానిసలకు యజమాని ఇంటిపేరే అంటుకొనినది. బానిసత్వము పోయి నూటయేబది సంవత్సరములు దాటినను ఆ పల్లెలో రక్తసంబంధము లేని కుటుంబములు సైతము పెట్‌వే అనియే పిలువబడుచున్నవి. తమ ఇంటిపేరు సైతము తాము ఎన్నుకొనని జనులు వారు.

విముక్తి కలిగిన తరువాతను వారు అదే భూమిలో పాలికాపులుగా మిగిలిరి. 1932లో వారికి అప్పుపెట్టిన వర్తకుడు మరణింపగా, అతని భార్య బాకీక్రింద ఇండ్లలోని ధాన్యమును, పశువులను, పనిముట్లను పట్టించుకొనిపోయెను. ఆ శీతకాలము అనేక కుటుంబములు ఆకలితో గడపినవి. 1960 తరువాత ఓటుహక్కు ఉద్యమము సాగుచుండగా, నల్లజాతివారు పేర్లు నమోదు చేయించుకొనుటకు ఆవలి ఒడ్డుననున్న కామ్డెన్ పట్టణమునకు పోసాగిరి. 1962లో నదిపై బల్లకట్టు నిలిచిపోయెను. అది తిరిగి నడచినది 2006లో మాత్రమే. ఆ నడుమ నలుబది నాలుగు సంవత్సరములు, కంటి ఎదుటనున్న పట్టణమునకు పోవలెనన్న వారు చుట్టు తిరిగి పోవలసివచ్చెను.

అట్టి పల్లెలో స్త్రీలు బొంతలు కుట్టిరి. కళకొరకు కాదు, చెక్క ఇండ్ల సందులలోనుండి వచ్చు చలిగాలికి పిల్లలు తాళలేరని కుట్టిరి. పొలములో చివికిన పంట్లాములు, చొక్కాలు, పిండి సంచులు వారికి గుడ్డలయ్యెను. 1942లో మిజూరీ పెట్‌వే అను ఆమె, భర్త మరణించిన పిదప అతడు పొలములో ధరించిన బట్టలన్నిటిని చేర్చి ఒక బొంత కుట్టినది. అతనిని మరువకుండుటకు, ఆ బొంతనే కప్పుకొని నిద్రించుటకు ఆమె అట్లు చేసినదని ఆమె కుమార్తె ఆర్లోంజియా తరువాతి కాలమున చెప్పినది. మోకాళ్లచోట వెలిసిపోయిన నీలిగుడ్డలో ఆ మనిషి వంగి చేసిన పని నేటికిని కనబడును.

1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడం క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును ఏర్పరచుకొనిరి. 1972లో సియర్స్ కంపెనీవారు కార్డురాయ్ గుడ్డతో దిండుగలీబులు కుట్టు పనిని వారికి అప్పగించిరి. పని చేయగా మిగిలిన ముక్కలు ఇండ్లకు చేరి బొంతలలో కొత్త రంగులయ్యెను. 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళా మ్యూజియమునందును, పిదప న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునందును ఆ బొంతలు గోడలకెక్కినవి. ఆధునిక చిత్రకారులలో మేటివారి పటములతో వాటిని పోల్చి విమర్శకులు కొనియాడిరి. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతల చిత్రములతో బిళ్లలు అచ్చువేసినది.

ఆ ప్రదర్శనలలో కుట్టిన స్త్రీల పేర్లు దాచలేదు. ప్రతి బొంత ప్రక్కను ఒక పేరున్నది. అయినను కథ అచ్చటితో ముగియలేదు. బొంతల డిజైనులు ఇతర వస్తువులపై అచ్చయి అమ్ముడుపోవుచున్నవనియు, తమకు రావలసినది రాలేదనియు కొందరు కుట్టుపనివారు 2007లో న్యాయస్థానమునకు ఎక్కిరి. 2008లో వ్యాజ్యములు రాజీతో ముగిసినవి గనుక ఎవరిది తప్పని తీర్పు వెలువడలేదు. తీర్పు చెప్పుట ఇచ్చట అవసరము కూడ కాదు. గోడపై పేరు వ్రాసినంతనే ఋణము తీరదని గ్రహించిన చాలును. పేరు ఒక పాలు. ఫలములో భాగము మరియొక పాలు. తన వస్తువును ఎక్కడ, ఏ రూపమున చూపవలెనో చెప్పు హక్కు ఇంకొక పాలు.

ఇచ్చట పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును. దానిని తేలికగా త్రోసివేయరాదు. వారు చెప్పునది ఇది: ప్రాచీన దేవాలయములను చెక్కిన శిల్పులలో ఎందరు తమ పేర్లు చెక్కుకొనిరి? పేరుకై పని చేయుట అహంకారము గాదా? ఫలమును ఆశింపక పని చేయువాడే ఉత్తముడని ఈ దేశపు పెద్దలు చెప్పలేదా? మరి బొంత కుట్టిన ముసలమ్మకు పేరు కావలెను, డబ్బు కావలెను అని నేర్పుట ఆమె నిర్మలమైన పనిలో మలినమును కలుపుట గాదా?

ఈ ఆక్షేపణలో సగము సత్యమున్నది. పేరు విడుచుట గొప్ప గుణమే. కాని విడుచువాడెవడు అని అడుగవలెను. తన చేతిలోనున్న పండును ఆకలిగొన్నవానికి ఇచ్చినవాడు దాత. ఒకని చేతిలోని పండును లాగికొని, నీవు త్యాగివైతివని అతనిని మెచ్చుకొనువాడు దాత కాడు. పేరు విషయమున కూడ ఇంతే. కుట్టినవారు తామై పేరు వలదన్నచో అది త్యాగము. వారినడుగకయే మరియొకరు పేరును తుడిచివేసి, వారి వినయమును పొగడినచో అది అపహరణము. విచిత్రమేమనగా, అట్లు పొగడువారు తమ పేరును మాత్రము అట్టముక్కపై పెద్దక్షరములతో వ్రాసికొనుట మానరు. నిష్కామము ఎదుటివానికి బోధించుటకు పనికివచ్చు ధర్మము కాదు. తాను ఆచరించుటకు ఏర్పడిన ధర్మము.

శరణుల సంప్రదాయములో దీనికి చక్కని నిదర్శనము కలదు. వచనకారులు తమ వచనముల చివర తమ పేరు చెప్పుకొనలేదు. తాము కొలిచిన దైవము పేరును అంకితముగా నుంచిరి. బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవ. జేడర దాసిమయ్య అంకితము రామనాథ. జేడర అనుమాట నేతవృత్తిని తెలుపును. తన పేరును దైవము పాదములకడ విడిచిన ఆ నేతగాడు తన వృత్తి పేరును మాత్రము దాచుకొనలేదు. ఇక ఆ అంకితమే నేటికిని ఏ వచనము ఎవరిదో తెలుపు గుర్తుగా నిలిచినది. అనగా వారు అహంకారమును విడిచిరి గాని, ఒకరి మాటను మరియొకరి మాటగా చెల్లించుకొనుటకు దారి తెరువలేదు. వినయమునకును, చిరునామా లేకపోవుటకును గల భేదము ఇచ్చట స్పష్టము.

పేరు చేసినవారి సొత్తు అన్నప్పుడు, చెప్పుటయే గాక దాచుట కూడ వారి ఇష్టమే యగును. దీనికి అమెరికాలోనే మరియొక బొంత సాక్ష్యము చెప్పును. 1985 నవంబరులో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన కొవ్వొత్తుల ఊరేగింపులో ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి పేర్లను అట్టలపై వ్రాసి ఒక ప్రభుత్వ భవనపు గోడకు అంటించిరి. ఆ గోడ అతుకుల బొంతవలె క్లీవ్ జోన్స్ అను కార్యకర్తకు తోచినది. 1987లో ఆయనయు మిత్రులును కలిసి బొంతపనికి పూనుకొనిరి. ఆ నగరపు మార్కెట్ వీథిలోని ఒక దుకాణపు గదిలో కుట్టుమిషన్లు వెలసినవి. తలుపులు తెరచియే యుండెను. తల్లులు, మిత్రులు, ముఖపరిచయము లేనివారు సైతము వచ్చి కూర్చుండి కుట్టిరి. ఒక్కొక్క ముక్క కొలత మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అది ఒక సమాధి కొలత. 1987 అక్టోబరు 11న రాజధాని వాషింగ్టను నగరపు పచ్చికబయలుపై 1,920 ముక్కలు పరచి, పేర్లను ఒక్కొక్కటిగా బిగ్గరగా చదివిరి. నేడు ఆ బొంతలో సుమారు 50,000 ముక్కలు ఉన్నవి. దాని బరువు సుమారు 54 టన్నులు.

పేర్లకొరకే పుట్టిన ఆ బొంతలో సైతము పూర్తి పేరు లేని ముక్కలున్నవి. కొన్నిటిపై ఇంటిపేరు లేదు. కొన్నిటిపై పొడి అక్షరములు మాత్రమే యున్నవి. వ్యాధికి సమాజము అంటించిన నిందకు వెఱచిన కుటుంబములు ఉండెను. తమవాని గుట్టును కాపాడదలచిన ఆప్తులు ఉండెను. నిర్వాహకులు ఆ ముక్కలను త్రోసిపుచ్చలేదు. పేరున్న ముక్కలతో సమానముగా వాటికిని చోటిచ్చిరి. పేరు చెప్పుడు అని బలవంతపెట్టుట ధర్మము కాదు, చెప్పవలదని నోరు మూయుట ధర్మము కాదు. అడుగుటయే ధర్మము. అడిగి, చెప్పినదానిని పాటించుట అంతకంటె కష్టమైన ధర్మము.

తెలుగునాట నేతకారుని ఇల్లు ఎప్పుడును తెరచిన పనిశాలయే. వీథిగదిలోనే గుంటమగ్గము, గడపలో నిలుచున్నవానికి నేత అంతయు కనబడును. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది. చూడవచ్చువారు మగ్గముపై కూర్చున్న పురుషుని చూతురు, అంచుపై పూచిన బొమ్మలను చూతురు, మెచ్చుకొందురు. కాని మగ్గమునకు ముందు ఆసు పోయుట అను పని యొకటి కలదు. మేకులు బిగించిన చట్రముపై పట్టుదారమును అటునిటు చుట్టవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ముందుకు వెనుకకు పోవలెను. తరతరములుగా ఇది స్త్రీల పని. చీర పూర్తియైన పిదప ఆ పని చీరలో ఎక్కడను కనబడదు. భుజములలో నొప్పిగా మాత్రము మిగులును.

ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి ఆ నొప్పితో బాధపడుట చూచి సహింపలేక, పెద్ద చదువు లేకున్నను సంవత్సరముల తరబడి శ్రమించి, 1999లో ఆసు పోయు యంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లి పేర లక్ష్మీ ఆసు యంత్రమని పేరుపెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. యంత్రమును కల్పించిన మేధ కుమారునిది. ఆ అవసరమును తన భుజములతో మోసినది తల్లి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను యంత్రము లేదు. కుమారుడు తన పేరు దాచుకొనలేదు, తల్లి పేరు తుడువలేదు. అంతటితో ఆగక, ఆ తల్లివంటి వేలమంది భుజములకు విశ్రాంతి కలుగునట్లు చేసెను. సమూహపు జీవితమునుండి స్ఫూర్తి పొందినవాడు ఆ సమూహమునకు ఏమి తిరిగి ఇయ్యవలెనో ఇంతకంటె విప్పి చెప్పు ఉదాహరణము వెదకవలసిన పని లేదు.

చేతులు వందలుగా నున్నప్పుడు అందరి పేర్లు ఎట్లు వ్రాయగలమని అడుగువారున్నారు. ఇది సాకు మాత్రమే. జూడీ షికాగో అను అమెరికా చిత్రకారిణి 1974 నుండి 1979 వరకు ది డిన్నర్ పార్టీ అను బృహత్కృతిని నిర్మించినది. త్రికోణాకారపు బల్ల, ఒక్కొక్క ప్రక్క 48 అడుగులు. చరిత్రలోని 39 మంది స్త్రీలకు 39 విస్తళ్లు. వాటి క్రింద కుట్టుపని చేసిన వస్త్రములు. ఆమె పనిశాలకు వచ్చి తోడ్పడినవారు సుమారు నాలుగు వందలమంది. కృతి ఆమె పేరనే ప్రసిద్ధమైనది; దానిపై విమర్శలును వచ్చినవి. అయినను తోడ్పడినవారి పేర్లను, ఛాయాచిత్రములను పలకలపై అమర్చి ప్రదర్శనతోపాటు చూపిరి. ఆ కృతి 2007 నుండి బ్రూక్లిన్ మ్యూజియమున శాశ్వతముగా నెలకొన్నది. పెండ్లి శుభలేఖలో బంధువుల పేర్లన్నియు ఇరికించగల జనులకు, వస్త్రము ప్రక్కన ముప్పది పేర్లు వ్రాయుట అసాధ్యమన్నచో నమ్మశక్యము గాదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడ ఒకటి కలదు. కొందరు కళాకారులు వినయము నెక్కువ చేసి, తామేమియు చేయలేదనియు, అంతయు ఆ పల్లెదే యనియు చెప్పుదురు. వినువారికి ముచ్చటగా నుండును. కాని అది కూడ సత్యమునకు దూరమే. ముక్కలను ఎన్నుకొన్నది, వరుస నిర్ణయించినది, కొన్నిటిని వద్దన్నది, వెల కట్టినది, తలుపు తెరచినది వారే. ఆ పనులన్నియు చేసి, చేయలేదనుట వినయము కాదు, జవాబుదారీనుండి తప్పుకొనుట. పల్లెవారి బాధ నొకదానిని వస్త్రముపై తప్పుగా చిత్రించినచో, వారినడుగకుండ వారి గుట్టును బయటపెట్టినచో, ఆ తప్పు పల్లెది కాదు గదా. తాను చేసినదానిని తనదిగా ఒప్పుకొన్నవాడే తప్పునకును నిలబడగలడు. కాబట్టి ఎవరు సూది పట్టిరి, ఎవరు రూపము దిద్దిరి, ఎవరి జీవితము ఇందులోనికి వచ్చినది అను మూడింటిని వేరువేరుగా చెప్పుటయే సరియైన మార్గము.

ఆతిథ్యమను మాటను కూడ ఈ సందర్భమున మరల తలచుకొనవలెను. తలుపు తెరచినవాడు గృహస్థు, వచ్చినవాడు అతిథి అనుట లోకరీతి. కాని సమూహపు వస్త్రము గోడపై నున్న పనిశాలలో అసలు గృహస్థు ఎవరు? ఎవరి చీరలు, ఎవరి పంచెలు, ఎవరి కన్నీళ్లు అందు కలవో వారు కదా. వారు ఆ ప్రదర్శనకు పిలువబడకపోయినచో, పిలువబడియు ఒక మూల నిలుచుండి తమ బ్రతుకును ఇతరులు వివరించుట వినవలసివచ్చినచో, తమ ఇంటిలో తామే పరాయివారైనట్లు. ప్రదర్శన ఎంత అందముగా నున్నను ఆ లోపము పూడదు.

జీస్ బెండ్ కథలో ఈ విషయమున మేలైన మలుపు వచ్చినది. 2021లో ఆ పల్లె స్త్రీలు కొందరు తమ బొంతలను తమ పేర్లతో నేరుగా కొనుగోలుదారులకు అమ్ముకొనునట్లు ఇంటర్నెట్టులో దుకాణములు తెరచిరి. ఏడాదికొకసారి బొంతలన్నిటిని ఎండకు ఆరవేయుట ఆ పల్లెలో పాత వాడుక. దండెములపై, కంచెలపై, వసారాలపై రంగులు పరచుకొనును. 2022 అక్టోబరునుండి ఆ ఆరవేయుటనే పండుగగా చేసి, దేశమునలుమూలలనుండి జనులను ఆహ్వానించుచున్నారు. ఒకప్పుడు బొంతలు పల్లె విడిచి మ్యూజియములకు పోయినవి. ఇప్పుడు చూడదలచినవారే పల్లెకు పోవుచున్నారు. కుట్టినవారు తమ వాకిటనే నిలుచుండి, ఏ ముక్క ఎవరి చొక్కాయో తామే చెప్పుచున్నారు. వెల తామే చెప్పుచున్నారు. అమ్మనని చెప్పు స్వేచ్ఛయు వారిదే.

ఇది చూచి పట్టణములలోని పనిశాలలు మూసివేయవలెనని కాదు. పల్లెకు పోలేనివారు అనేకులుందురు. వారికి తెరచిన తలుపు కావలెను. సమూహపు జీవితమును ప్రేమతో పరిశీలించి, అందు దాగిన అందమును పదిమందికి చూపగల కళాకారుడు సమాజమునకు మేలే చేయుచున్నాడు. అతడు దోషి యని పలుకుట అన్యాయము. అతడు ధర్మకర్త వంటివాడని మాత్రము గుర్తుంచుకొనవలెను. దేవాలయపు ధర్మకర్త హుండీని కాపాడును. హుండీ తనది కాదు. కాపాడినందుకు గౌరవము పొందును. లెక్క చెప్పవలసిన బాధ్యత నుండి మాత్రము తప్పుకొనలేడు.

ఇక ఆ ఊహాపనిశాలలో బాలిక అడిగిన ప్రశ్న మిగిలియున్నది. చిత్రకారిణి దానికి జవాబు చెప్పుటకు ముందు చేయవలసిన పనులున్నవి. తలుపులు తెరచుటకు నెలముందే ఆ పల్లెకు పోయి, ఎవరి పేరు వ్రాయవచ్చునో, ఎవరిది వ్రాయరాదో అడిగి తెలిసికొనవలెను. వస్త్రము అమ్ముడుపోయినచో వచ్చు సొమ్ములో ఎవరికెంత అనునది కాగితముపై వ్రాసి, వారి భాషలో చదివి వినిపించి, వారి సమ్మతి పొందవలెను. రాకపోకల ఖర్చు తానే భరించి, రాగలవారిని ప్రదర్శనకు పిలుచుకొనిరావలెను. ఇవన్నియు చేసినచో బాలిక ప్రశ్నకు ఆమె జవాబు వెదకుకొన నక్కరలేదు.

ఆ కుట్టును కుట్టిన అవ్వ అచ్చటనే, వస్త్రము ప్రక్కన కుర్చీలో కూర్చుండియుండును. చిత్రకారిణి బాలికను ఆమె యొద్దకు చేయిపట్టుకొని తీసికొనిపోవును. అవ్వ తన పేరు చెప్పవచ్చును; సిగ్గుపడి నవ్వి, చెప్పకయే, ఆ మూలనున్న ఎఱ్ఱముక్క తన చెల్లెలి పెండ్లిచీర యని చూపవచ్చును. ఏది చేసినను అది ఆమె ఇష్టము.